కాటన్ దొర
గోదావరీ నది ధవళేశ్వరము దాటిన పిదప పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ పాయల నడుమనున్న నేల మిక్కిలి సారవంతమైనది. అయినను ఒకప్పుడు ఆ ప్రాంతము కడు దీనస్థితిలో నుండెను. వరద వచ్చినచో పైరులు మునిగిపోయెడివి. వాన కురియనిచో, నది ప్రక్కనే పారుచున్నను పొలములు ఎండిపోయెడివి. 1832-33లో వచ్చిన నందన కరువు, 1839 నాటి తుపాను ప్రజలను క్రుంగదీసెను. 1821లో సుమారు 7,38,000గా నున్న రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు తగ్గిపోయెను. ఈ దుస్థితికి మందు కనుగొనినవాడు సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. 1821లో మద్రాసునకు వచ్చి కంపెనీ సైన్యపు ఇంజనీర్ల దళములో పనిచేసెను. ఆయనకు తొలి పరీక్ష గోదావరికంటె ముందు కావేరివద్ద ఎదురైనది. తిరుచిరాపల్లి సమీపమున కావేరినుండి కొళ్ళిడమను పాయ చీలుచున్నది. ఆ పాయ పల్లముగా నుండుటచే నీరు అధికముగా అందులోనికే పోయి వృథాగా సముద్రమున కలియుచుండెను. తంజావూరు పొలములకు నీరు నానాటికి తగ్గిపోవుచుండెను. కొళ్ళిడమునకు అడ్డముగా ఆనకట్ట కట్టవలెను. కాని దాని గర్భమంతయు ఇసుక. పునాది నిలుపుటకు రాతినేల లేదు. ఇసుకపై కట్టడము నిలుచునా?

ఆ చేరువనే చోళరాజుల నాటి కల్లణై యను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. అదియు ఇసుకమీదనే శతాబ్దములుగా చెక్కుచెదరక నిలిచియుండెను. కాటన్ దానిని శ్రద్ధగా పరిశీలించెను. పూర్వపు శిల్పులు పెద్ద రాళ్లను ఇసుకలో పడవేసి, వానిని తమ బరువుచే దిగనిచ్చిరి. అవి దిగినకొలది పైన మరికొన్ని రాళ్లు వేసిరి. ఇక దిగుట ఆగినపిమ్మట వానిపై కట్టడమును కొనసాగించిరి. ఇసుకలో పునాది వేయు విధానమును తాను ఈ దేశపు పూర్వులవద్దనే నేర్చితినని కాటన్ తరువాతి కాలమున ఒప్పుకొనెను.

1836లో కొళ్ళిడముపై ఆనకట్ట నిర్మాణమయ్యెను. అంతటితో పని ముగియలేదు. కొంతకాలమునకు కావేరిలోనికి అవసరమునకు మించిన నీరు రాసాగెను. అప్పుడు ఆనకట్టలో కొంతభాగము ఎత్తును తగ్గించి లోపమును సరిదిద్దిరి.

ఈ అనుభవముతో కాటన్ గోదావరిని సమీపించెను. ధవళేశ్వరమువద్ద నది వెడల్పు లంకలతో కూడ సుమారు 4 మైళ్లు. అంత నదిని కట్టుట అసాధ్యమని తోచవచ్చును. కాని అచట లంకలు నదిని నాలుగు పాయలుగా విభజించుచున్నవి. అందుచే కాటన్ ఒక మహాకార్యమును నాలుగు చిన్న కార్యములుగా చేసెను. ఒక పాయలో పని జరుగునపుడు నీరు మరియొక పాయగుండ పోవును. రాయి ధవళేశ్వరపు కొండలోనే లభించెను. దానిని ఇనుప పట్టాలపై బండ్లలో నదివరకు చేర్చిరి. ఇసుక మేటవేయకుండుటకు తూములను, పడవలు సాగుటకు లాకులను అమర్చిరి.

1847లో పని ప్రారంభమయ్యెను. కోరినంతమంది సహాయకులు ఆయనకు లభింపలేదు. ఎండదెబ్బకు, శ్రమకు ఆరోగ్యము చెడి, నడుమ కొంతకాలము దేశమును విడిచి పోవలసివచ్చెను. అయినను పని ఆగలేదు. వీణెం వీరన్నవంటి స్వదేశీయులు, వేలకొలది కూలీలు రేయింబవళ్లు శ్రమించిరి. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువలవెంట నీరు పొలములకు పారెను. కరువునకు ఆటపట్టైన సీమ ధాన్యాగారమయ్యెను. 1876-78 నాటి మహాక్షామమున దక్షిణదేశము అల్లాడుచుండగా గోదావరీ మండలము అన్నార్తులకు ఆశ్రయమిచ్చెను.

కాటన్ 1899 జూలై 24వ తేదీన పరమపదించెను. ఆయన ఆనకట్ట నూరేండ్లకు పైగా సేవచేసెను. 1982లో పూర్తియైన క్రొత్త బ్యారేజికి ఆయన పేరే పెట్టబడినది. గోదావరీ తీరమున నేటికిని రైతులు ఆయనను కాటన్ దొరయని భక్తితో స్మరింతురు.

కఠినమైన సమస్య ఎదురైనపుడు ముందుగా దానిని చక్కగా చూడవలెను. పూర్వులు దానినెట్లు సాధించిరో తెలిసికొనవలెను. పెద్దపనిని చిన్నచిన్న భాగములుగా విడదీయవలెను. పొరపాటు కనబడినచో సిగ్గుపడక దిద్దుకొనవలెను. కాటన్ జీవితము మనకు నేర్పు పాఠమిదియే.