రెండు రాష్ట్రాల నడివీధిలో మోగిన గొంతు: జిమ్మీ రోజర్స్

అమెరికాలో టెనెస్సీ, వర్జీనియా రాష్ట్రాల పొలిమేరలో బ్రిస్టల్ అనే పట్టణం ఉంది. ఆ ఊరి ప్రధాన వీధి పేరు స్టేట్ స్ట్రీట్. వీధి నడిమధ్యగా రెండు రాష్ట్రాల సరిహద్దు రేఖ సాగిపోతుంది. నేలలో పొదిగిన ఇత్తడి పలకలు దానిని గుర్తు చేస్తుంటాయి. ఒక వరుస దుకాణాలు ఒక రాష్ట్రానివి, ఎదుటి వరుస దుకాణాలు మరొక రాష్ట్రానివి. ఊరు ఒకటే, పాలనలు రెండు. 1927 వేసవిలో ఈ వీధిలోనే, టెనెస్సీ వైపున ఉన్న ఒక టోపీల కంపెనీ భవనంలో పన్నెండు రోజులపాటు పాటల రికార్డింగు జరిగింది. అమెరికా పల్లె సంగీత చరిత్రను మలుపు తిప్పిన రోజులవి. అక్కడికి వచ్చి పాడినవారిలో ఒకడు పని పోయిన రైల్వే కార్మికుడు, క్షయరోగి. ఆయన పేరు జిమ్మీ రోజర్స్. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. జీవించవలసిన కాలం మరి ఆరేళ్లు కూడా మిగిలి లేదు. ఆ స్వల్పకాలంలోనే ఆయన కంట్రీ సంగీతానికి పితామహుడన్న పేరు తెచ్చుకున్నాడు.

పట్టాల వెంట బాల్యం

జిమ్మీ రోజర్స్ 1897 సెప్టెంబరు 8న జన్మించాడు. మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్ పట్టణాన్ని తన స్వస్థలంగా చెప్పుకొన్నాడు. అలబామా రాష్ట్రపు ఎల్లకు దగ్గరగా ఉన్న రైల్వే కూడలి అది. తండ్రి ఆరన్ రోజర్స్ రైలు పట్టాల మరమ్మతు చేసే గ్యాంగుకు మేస్త్రీ. తల్లి ఎలైజా ఆయన పసితనంలోనే కన్నుమూసింది. తండ్రి ఎప్పుడూ పనిమీద ఊళ్లు తిరుగుతుండడంతో పిల్లవాడు బంధువుల ఇళ్లలో పెరిగాడు. బడిలో మనసు నిలవలేదు. పన్నెండు పదమూడేళ్ల ప్రాయంలోనే ఒక పాటల పోటీలో నెగ్గి, మందులు అమ్ముకుంటూ ఊరూరా ఆటపాటలు ప్రదర్శించే ఒక బృందం వెంట వెళ్లిపోయాడు. తండ్రి వెతికి పట్టి తీసుకువచ్చి, బడికి పోతావా, పనికి వస్తావా అన్న రెండు దారులు ముందుంచాడు. కుర్రవాడు పనినే ఎంచుకున్నాడు.

మొదటి పని పట్టాల కూలీలకు నీళ్లు అందించడం. ఆ కూలీల్లో ఎక్కువమంది నల్లజాతివారు. బరువైన ఇనుప పట్టాను గడకర్రలతో కదిలించేటప్పుడు అందరి బలం ఒకేసారి పడాలి. అందుకోసం ఒకడు పాట ఎత్తుకుంటే మిగిలినవారు లయకు తగినట్లు అడుగు వేసి నెట్టేవారు. పాట అక్కడ వినోదం కాదు, పనిముట్టు. విరామ సమయంలో వారి వద్దనే రోజర్స్ బాంజో, గిటారు వాయించడం నేర్చుకున్నాడు. వారి బ్లూస్ పాటల వరుసలు, పదాలు అప్పుడే ఆయన చెవికెక్కాయి. తెల్లవారూ నల్లవారూ ఒకే బల్ల మీద కూర్చుని తినడానికి వీలులేని కాలమది. పట్టాల మీద చెమటోడ్చేచోట మాత్రం పాట ఆ గీత దాటింది.

తరువాత ఆయన రైళ్లలో బ్రేక్‌మన్‌గా పనిచేశాడు. పెట్టెల నడుమ తిరుగుతూ బ్రేకులు వేయడం, పెట్టెలను కలపడం, విడదీయడం ఆ ఉద్యోగం. ఎండకూ వానకూ చలికీ ఒళ్లప్పగించే పని. 1920లో క్యారీ విలియమ్‌సన్‌ను వివాహమాడాడు. ఇద్దరు ఆడపిల్లలు కలిగారు. చిన్నపాప 1923 డిసెంబరులో, నెలల బిడ్డగానే మరణించింది. మరుసటి సంవత్సరం రోజర్స్‌కు ఊపిరితిత్తుల నుంచి రక్తం పడింది. వైద్యులు క్షయ అని తేల్చారు.

నాటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, ఇంతే అప్పటి చికిత్స. పేదవాడికి ఈ మూడింటిలో ఏదీ సులువుగా దొరకదు. రైల్వే పని చేయడానికి ఒంట్లో శక్తి చాలలేదు. చేతిలో మిగిలినది గిటారు ఒక్కటే.

1927: ఎల్లవీధిలో పన్నెండు రోజులు

1927 ఆరంభంలో రోజర్స్ కుటుంబం ఉత్తర కరోలినాలోని ఆష్‌విల్ చేరింది. కొండగాలి క్షయరోగులకు మేలు చేస్తుందని పేరున్న పట్టణమది. అక్కడి రేడియో స్టేషనులో కొంతకాలం పాడాడు. బ్రిస్టల్‌కు చెందిన ముగ్గురు వాద్యగాళ్లతో జతకట్టాడు. వారి బృందం పేరు టెనెవా ర్యాంబ్లర్స్. టెనెస్సీ, వర్జీనియా పేర్లను కలిపి కట్టుకున్న పేరది. రేడియో అవకాశం ఎక్కువ కాలం నిలవలేదు. సరిగ్గా అప్పుడే విక్టర్ గ్రామఫోను కంపెనీ బ్రిస్టల్‌లో పాటలు రికార్డు చేస్తున్నదన్న కబురు అందింది.

ఆ పనికి వచ్చినవాడు రాల్ఫ్ పీర్. పల్లెపాటకు గిరాకీ ఉందని 1923లోనే, అట్లాంటాలో ఫిడేలు వాయించే జాన్ కార్సన్ పాటను రికార్డు చేసినప్పుడే ఆయనకు తెలిసింది. కనుక కంట్రీ సంగీతం మొదటి రికార్డు బ్రిస్టల్‌లో పుట్టినది కాదు. అయితే 1925 నుంచి మైక్రోఫోను సాయంతో విద్యుత్తుతో ధ్వనిని పట్టే పద్ధతి వచ్చింది. అంతకు ముందు పెద్ద బూర ఎదుట గొంతెత్తి అరిస్తే గాని రికార్డు మీద పడేది కాదు. మైక్రోఫోను రాకతో మెల్లని గొంతుకు, పక్కింటివాడు పాడినట్టుండే పాటకు చోటు దొరికింది. పైగా యంత్రాలను పల్లెల దగ్గరికే తీసుకుపోవచ్చు. టోపీల కంపెనీ గోడలకు దుప్పట్లు వేలాడదీసి, ప్రతిధ్వని తగ్గించి, మైనపు పలకల మీద పాటలు చెక్కించారు.

జులై 25న పని మొదలైంది. తొలి రోజుల్లో పాడిన ఎర్నెస్ట్ స్టోన్‌మన్‌కు అంతకు ముందు సంవత్సరంలో రికార్డుల వల్ల 3,600 డాలర్లు వచ్చాయని స్థానిక పత్రిక రాయడంతో కొండపల్లెల నుంచి జనం కదిలారు. ఆగస్టు 1న వర్జీనియా కొండల నుంచి ఏ.పీ. కార్టర్, ఆయన భార్య సారా, మరదలు మేబెల్ కారులో వచ్చారు. మేబెల్ అప్పుడు నిండు గర్భిణి. తరువాతి కాలంలో కార్టర్ కుటుంబంగా ప్రసిద్ధికెక్కినవారు వీరే. ఆగస్టు 5 నాటికి మొత్తం 19 బృందాలు 76 పాటలు పాడాయి.

రోజర్స్ వంతు ఆగస్టు 4న వచ్చింది. కాని అంతకు ముందే, రికార్డు మీద బృందం పేరు ఎలా ఉండాలన్న వాదులాటలో సహచరులు విడిపోయారు. వారు వేరుగా పాడుకున్నారు. రోజర్స్ ఒక్కడే గిటారు పట్టుకుని మైక్రోఫోను ముందు నిలిచాడు. రెండు పాటలు పాడాడు. ఒకటి యుద్ధంలో ప్రియుణ్ణి పోగొట్టుకున్న యువతి గాథ, రెండవది ఒక జోలపాట. ముట్టినది వంద డాలర్లు. బృందం చీలిపోవడం ఆనాడు దెబ్బగా కనిపించినా, ఒంటరి గాయకుడిగా ఆయనకు దారి తెరిచినది అదే.

ఒక సంగతి ఇక్కడ గమనించాలి. పీర్ జీతం కోసం కాక పాటల హక్కుల మీద వచ్చే ఆదాయం కోసం పనిచేసేవాడు. అందరూ పాడే పాత పాటకు హక్కు రాదు. అందువల్ల కొత్తగా కట్టినవి, లేదా కొత్త రూపం తొడిగినవి కావాలని గాయకులను కోరేవాడు. గాయకులకూ అమ్మిన రికార్డులను బట్టి వాటా దక్కేది. ఊరందరిదైన పాటకు ఒక యజమాని ఏర్పడడం ఇలా మొదలైంది. దీనివల్ల కొందరు పేదలు బాగుపడ్డారు. ఆ పాటలను మొదట పాడిన ఎందరి పేర్లో మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

బ్రిస్టల్ రికార్డు అక్టోబరులో విడుదలై ఓ మాదిరిగా అమ్ముడుపోయింది. కబురు కోసం ఎదురుచూసే ఓపిక రోజర్స్‌కు లేదు. తనకు సమయం తక్కువని తెలిసినవాడు. ఎవరూ పిలవకుండానే న్యూయార్కు వెళ్లి పీర్‌కు ఫోను చేశాడు. ఫలితంగా నవంబరు 30న న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో మరి నాలుగు పాటలు రికార్డయ్యాయి. వాటిలో ఒకటి బ్లూ యోడెల్. ఆ సంవత్సరమే డిసెంబరులో నాష్‌విల్ రేడియోలో వచ్చే పల్లెపాటల కార్యక్రమానికి గ్రాండ్ ఓల్ ఓప్రీ అన్న పేరు స్థిరపడింది. 1927 వెళ్లిపోయే నాటికి కంట్రీ సంగీతానికి రికార్డూ, రేడియో వేదికా, ఒక నాయకుడూ సమకూరాయి.

యోడెల్ తెచ్చిన కీర్తి

యోడెల్ అంటే ఛాతీ నుంచి వచ్చే గొంతును ఒక్కసారిగా సన్నని పైస్వరంలోకి విరిచి మళ్లీ కిందికి దించే పద్ధతి. ఆల్ప్స్ పర్వతాల పశువుల కాపరులది ఆ విద్య. అమెరికా నాటక ప్రదర్శనలలో అప్పటికే వాడుకలో ఉంది. రోజర్స్ దానిని నల్లజాతివారి బ్లూస్ వరుసకు అతికించాడు. చరణం చివర గొంతు విరిగినప్పుడు అది రైలు కూతలా, ఏడుపులా, నవ్వులా వినిపించింది. 1928లో విడుదలైన బ్లూ యోడెల్ లక్షల సంఖ్యలో అమ్ముడైంది. అదే వరుసలో మొత్తం పదమూడు పాటలు వచ్చాయి. 1929లో బ్రేక్‌మన్ వేషంలో ఒక చిన్న సినిమాలోనూ నటించాడు.

పాటల కరువు రాకుండా ఆదుకున్నది వదినగారైన ఎల్సీ మెక్‌విలియమ్స్. ఆమె ఎన్నో పాటలు కట్టి ఇచ్చింది, కొన్నింటికి తన పేరు కూడా వేయించుకోలేదు. 1930 జులై 16న లాస్ ఏంజెలిస్‌లో రోజర్స్ పాడిన తొమ్మిదవ బ్లూ యోడెల్‌కు ట్రంపెట్ వాయించినవాడు లూయీ ఆమ్‌స్ట్రాంగ్, పియానో వాయించినది ఆయన భార్య లిల్. నల్లజాతివారిలో నాటికే మహా కళాకారులు వారు. వారి పేర్లు ఆ రికార్డు మీద వేయలేదు. బాల్యంలో పట్టాల దగ్గర దొరికిన విద్య ఒక చక్రం తిరిగి అక్కడికే చేరినా, పేరు మాత్రం ఒక్కరికే దక్కింది.

డబ్బు ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా ఖర్చయింది. టెక్సస్‌లోని కెర్‌విల్‌లో 1929లో పెద్ద ఇల్లు కట్టాడు. పొడిగాలి వల్ల ఆ ప్రాంతమూ క్షయరోగులకు అనువైనదే. కొద్ది సంవత్సరాలలోనే దానిని వదులుకోవలసి వచ్చింది. ఆర్థిక మాంద్యం దేశాన్ని చుట్టుముట్టింది, రికార్డుల వ్యాపారం కుప్పకూలింది. మరొకవైపు వైద్యం ఖర్చులు. అయినా 1931లో, పేరు దాదాపు ఒకేలా వినిపించే హాస్యనటుడు విల్ రోజర్స్‌తో కలిసి కరువు బాధితుల సహాయార్థం రెడ్‌క్రాస్ తరఫున ఊళ్లు తిరిగి పాడాడు. ఆ సంవత్సరం జనవరిలోనే తన జబ్బు మీద తానే టీబీ బ్లూస్ అన్న పాట రికార్డు చేశాడు. క్షయ పేరు ఎత్తడానికే ఇంట్లోవారు జంకే రోజులలో, ఆ పేరునే పాటగా చేసి నలుగురికీ వినిపించాడు. అదే రోగంతో మంచం పట్టినవారి బాధను నలుగురిలో పలికిన పాట అది.

చివరి పాటలు

1933 మే నెలలో ఆయన న్యూయార్కు చేరాడు. కుటుంబానికి నాలుగు డబ్బులు మిగలాలంటే మరికొన్ని పాటలు రికార్డు చేయక తప్పదు. వెంట ఒక నర్సు ఉంది. పాటకూ పాటకూ మధ్య నడుము వాల్చడానికి స్టూడియోలో మంచం వేశారు. మే 17 నుంచి 24 వరకు, నడుమ విశ్రాంతి తీసుకుంటూ పన్నెండు పాటలు పూర్తి చేశాడు. చివరి పాటకు పక్కవాద్యాలు లేవు. ఆరేళ్ల క్రితం బ్రిస్టల్‌లో మాదిరిగానే తన గిటారుతో ఒంటరిగా పాడాడు. రెండు రోజులకు, మే 26 తెల్లవారకముందే, హోటలు గదిలో రక్తస్రావమై ప్రాణం విడిచాడు. వయసు 35 సంవత్సరాలు. ఆయన దేహాన్ని రైలులోనే మెరిడియన్‌కు చేర్చారు. అక్కడి ఓక్ గ్రోవ్ శ్మశానంలో చిన్నపాప సమాధి చెంతనే సమాధి చేశారు.

సుమారు 110 పాటలు మిగిల్చి వెళ్లిన ఆయనను 1961లో కంట్రీ సంగీత కీర్తిమందిరంలో తొలి ముగ్గురిలో ఒకరుగా చేర్చారు. 1978లో తపాలా బిళ్ల వెలువడింది. బ్రిస్టల్‌ను కంట్రీ సంగీతపు పుట్టినిల్లుగా అమెరికా కాంగ్రెసు 1998లో గుర్తించింది. 2014లో అక్కడ ఒక మ్యూజియం తెరిచారు. అది ఉన్నది వర్జీనియా వైపు, పాటలు రికార్డయిన చోటు టెనెస్సీ వైపు. రెండింటికీ నడుమ వీధి దాటేంత దూరమే.

ఆయన గొంతు అంతకంటే దూరపు ఎల్లలు కూడా దాటింది. తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో కిప్సిగిస్ తెగ పల్లెలకు గ్రామఫోను ద్వారా ఆ పాటలు చేరాయి. భాష తెలియని వారు ఆయన పేరును తమ నోటికి అనువుగా చెమిరోచా అని మార్చుకున్నారు. సగం మనిషి, సగం జింక అయిన ఒక వింత ప్రాణిగా ఊహించుకుని తమ సొంత పాట కట్టుకున్నారు. 1950లో హ్యూ ట్రేసీ అనే పరిశోధకుడు ఆ ఊరి ఆడపిల్లల చేత పాడించి దానిని రికార్డు చేశాడు. ఆ పాట పాడిన పిల్లలకు మెరిడియన్ ఎక్కడుందో, బ్రేక్‌మన్ అంటే ఎవరో తెలియదు. గొంతు మాత్రం తెలుసు.