పిట్టలే లోకంగా బతికిన సాలిం అలీ

మన కుల్కచర్ల, పరిగి, తాండూరు అన్నీ నిజాం హైదరాబాద్ రాజ్యంలో ఉన్న రోజులవి. 1931లో ఒక సన్నటి మనిషి ఆ రాజ్యంలోని పిట్టలను లెక్కగట్టే సర్వే మొదలుపెట్టారు. ఆయనే డాక్టర్ సాలిం అలీ.

సాలిం అలీ 1896 నవంబర్ 12న ముంబైలో ఒక బోహ్రా ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇలాంటిది తినొచ్చా లేదా అని అనుమానం వచ్చి మామ దగ్గరికి తీసుకెళ్లారు. మామ ఆయన్ని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ విసుక్కోకుండా బీరువాలు తెరిచి పిట్టలన్నీ చూపించారు. ఆ పిల్లాడి జీవితం అక్కడే మలుపు తిరిగింది.

డిగ్రీ పూర్తి కాలేదు. అందుకే ప్రభుత్వ ఉద్యోగం దక్కలేదు. జర్మనీ వెళ్లి పక్షిశాస్త్రం నేర్చుకొని వచ్చినా చేతిలో పని లేదు. సముద్రం ఒడ్డున కిహిం ఊళ్లో ఉంటూ గిజిగాళ్లను నెలల తరబడి గమనించారు. మగపిట్ట గూడు సగం కడుతుంది, ఆడపిట్టకు నచ్చితేనే పూర్తి చేస్తుంది అని రాసి పెట్టారు.

ఆ తర్వాతే హైదరాబాద్ సర్వే. ఖర్చులు ఇస్తే చాలు, జీతం వద్దన్నారు. భార్య తెహ్మీనా కూడా అడవుల్లో గుడారాల్లో తోడుగా ఉన్నారు. 1939లో ఆమె చనిపోయారు. ఆ దుఃఖంలోనూ పని ఆపలేదు. 1941లో ఆయన పుస్తకం వచ్చింది, మామూలు జనం కూడా పిట్టలను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. అదే కాలంలో వచ్చిన అంతర్జాతీయ బహుమతి సొమ్మును పిట్టల రక్షణకే ఇచ్చేశారు.

మన తెలుగు నేలకే చెందిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో ఆయన సంస్థ శాస్త్రవేత్తే దాన్ని మళ్లీ కనుగొన్నారు. స్థానిక వేటగాళ్ల తెలివి అందుకు సాయపడింది. తర్వాత ఆ అడవిని అభయారణ్యం చేశారు. మరుసటి ఏడాది, 1987లో, సాలిం అలీ కన్నుమూశారు.

మీ పిల్లలు ఏదో పిట్టను చూపించి పేరు అడిగితే కసురుకోవద్దు. మిల్లార్డ్ ఆ రోజు విసుక్కొని ఉంటే మనకు ఒక సాలిం అలీ ఉండేవారు కాదు.