గుడ్‌ఇయర్ వేసిన ముడి

టైర్ల మీద గుడ్‌ఇయర్ అనే పేరు మనందరం చూసే ఉంటాం. కానీ ఆ కంపెనీ పెట్టింది చార్లెస్ గుడ్‌ఇయర్ కాదు. ఆయన పోయిన 38 ఏళ్లకి, 1898లో, వేరేవాళ్లు గౌరవంతో ఆ పేరు పెట్టుకున్నారు. ఆయనకి మిగిలింది అప్పులే.

1800 డిసెంబర్ 29న అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టాడు. హార్డ్‌వేర్ వ్యాపారం దివాలా తీసింది. అప్పు తీర్చలేక జైలుకీ వెళ్లాడు. ఆ రోజుల్లో రబ్బరు ఎండాకాలం జిగురులా కరిగేది, చలికాలం రాయిలా బిగుసుకునేది. దాన్ని ఎలాగైనా దారికి తేవాలని పట్టుబట్టాడు. పోస్టల్ శాఖ కోసం చేసిన రబ్బరు సంచులు వేడికి కరిగి పాడైపోయాయి. ఇల్లు గడవక పిల్లల స్కూలు పుస్తకాలు కూడా అమ్మేశాడంటారు. అయినా వదల్లేదు.

1839లో వోబర్న్ అనే ఊళ్లో, గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలింది. కరగలేదు, తోలులా గట్టిపడింది! ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చుకుని 1844లో పేటెంట్ తీసుకున్నాడు. అదే వల్కనైజేషన్. రబ్బరు అణువులు పొడవాటి దారాల్లాంటివి. గంధకం వాటి మధ్య ముడులు వేస్తుంది. తర్వాత కోర్టు కేసులతోనే సరిపోయింది. 1860 జులై 1న చనిపోయేనాటికి దాదాపు 2 లక్షల డాలర్ల అప్పు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ ముడులకి అండూ బటన్ లేదు. ప్లాస్టిక్ బాటిల్‌ని కరిగించి ఇంకో వస్తువు చెయ్యొచ్చు, టైరుని అలా కరిగించలేం. కాలిస్తే విషపు పొగ. పారేస్తే వాన నీళ్లు నిలిచి డెంగీ దోమలు.

అందుకే పాత టైర్లని పొడి చేసి రోడ్డు తారులో, మ్యాట్లలో కలుపుతున్నారు. వేడితో, కెమికల్స్‌తో కొంత మెత్తబరిచి మళ్లీ రబ్బరు సామాన్లలో వాడుతున్నారు. దానివల్ల కొత్త రబ్బరు అవసరం తగ్గుతుంది, సింథటిక్ రబ్బరుకి పోయే పెట్రోలియమూ మిగులుతుంది. మన ఊళ్లలో టైరు చెప్పులు కుట్టినవాళ్లు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారు.

కానీ దారాలు తెగకుండా ముడులు మాత్రమే విప్పడం ఇప్పటికీ కష్టమే. పాడవని రబ్బరు కోసం గుడ్‌ఇయర్ తన జీవితమంతా పెట్టాడు. దాన్ని విప్పే పని మనకి మిగిలింది. కెమికల్ బ్రాంచ్ వాళ్లూ, వింటున్నారా?