డెల్టా ధాన్యానికి సముద్రపు దారి చూపిన కాటన్ దొర

ధవళేశ్వరం: ఆనకట్ట కట్టి నీరిచ్చిన మహనీయునిగానే సర్ ఆర్థర్ కాటన్‌ను గోదావరి ప్రజలు స్మరిస్తారు. ఆ నీటితో పండిన పంట ఎక్కడికి, ఏ దారిన పోవాలన్నది కూడా ఆయన ఆనాడే ఆలోచించారన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

1803 మే 15న జన్మించిన కాటన్ సైనిక ఇంజినీరుగా శిక్షణ పొంది 1821లో మద్రాసు చేరారు. కావేరి పాయ కొల్లడంపై 1836లో ఆనకట్ట నిర్మించి తంజావూరు సీమను నిలబెట్టారు. అప్పటి గోదావరి జిల్లా స్థితి దయనీయం. నందన నామ సంవత్సరపు కరవు (1832-33), తుపానుల ధాటికి ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1821లో 7,38,308గా ఉన్న జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. పండిన ఏడు మరో చిక్కు. బియ్యం బరువెక్కువ, ధర తక్కువ సరుకు. ఎడ్లబండిపై కొన్ని ఆమడలు పోయేసరికి కూలి ఖర్చే ధరను మింగేసేది. వర్షాకాలంలో ఆ బండి కూడా కదిలేది కాదు.

అందుకే 1847లో పనులు మొదలై 1852లో ఆనకట్ట పూర్తయినప్పుడు, ప్రధాన కాలువలు పొలాలకు నీరిచ్చేవిగానే మిగలలేదు. లాకులు అమర్చి వాటిని పడవ దారులుగా మలిచారు. ఈ మహాకార్యంలో వీణం వీరన్న ఆయనకు కుడిభుజంగా నిలిచారు. గట్టుపై నుంచి మనుషులు మోకు పట్టి లాగే పడవల్లో ధాన్యం కాకినాడ చేరేది. అక్కడ సముద్రం లోతు తక్కువ. ఓడలు దూరాన లంగరు వేస్తే చిన్న పడవలు బస్తాలను చేరవేసేవి.

1876-78 మహాక్షామంలో మద్రాసు రాజధానిలో లక్షలాది మంది ప్రాణాలు కోల్పోయారు. డెల్టా మాత్రం పండింది, ఇతర ప్రాంతాలకు ధాన్యం పంపింది. అయితే అదే కాలంలో దేశం నుంచి విదేశాలకు ధాన్యం ఎగుమతి ఆగలేదన్నది మరువరాని చేదు నిజం. దారి ఉన్నంత మాత్రాన తిండి ఆకలి వైపే నడవదు కదా!

సరుకు రవాణాకు రైళ్ల కన్నా కాలువలే చౌక అని కాటన్ పట్టుబట్టారు. 1878లో లండన్‌లో పార్లమెంటు సంఘం ఆయనను ప్రశ్నించింది, ఆయన ప్రతిపాదనలను ఆమోదించలేదు. మరమ్మతుల కోసం వేసవిలో కట్టివేసే కాలువ ఏడాది పొడవునా నడిచే రైలుకు పూర్తి ప్రత్యామ్నాయం కాలేదన్నది నిజమే. కానీ తూకం వేసి చూస్తే, బరువు సరుకు విషయంలో ఆయన లెక్క తప్పు కాదు.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్ 1899 జూలై 24న డార్కింగ్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాదే రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై రైలు వంతెన ప్రారంభమైంది. తరువాత రైలు, ఆపై లారీ ధాన్యాన్ని అందుకోగా కాలువ పడవలు క్రమంగా కనుమరుగయ్యాయి. కాకినాడ లంగరు రేవులో మాత్రం నేటికీ బియ్యం బస్తాలు బార్జీలపైనే ఓడలను చేరుకుంటున్నాయి.