మాటలను ఎంచిన మనుష్యుడు: అలెగ్జాండరు క్రూడెన్

బైబిలులోని ఒక మాట జ్ఞాపకమునకు వచ్చి, అది ఏ గ్రంథములో నున్నదో తోచనప్పుడు మనమెంతో తడవు వెదకుదుము. నేడు ఫోనులో ఆ మాట వ్రాసిన వెంటనే వచనము కనబడును. అట్టి సదుపాయము లేని దినములలో, ఇంగ్లీషు బైబిలులోని మాటలను ఒంటరిగా ఏరి, అక్షరక్రమమున కూర్చి, ఏ మాట ఎక్కడెక్కడ నున్నదో చూపిన భక్తుడొకడుండెను. ఆయన జీవితమును ఈ నెల ధ్యానింతము.

అలెగ్జాండరు క్రూడెన్ 1699లో స్కాట్లండులోని ఆబర్డీను పట్టణమున జన్మించెను. అక్కడి మారిషల్ కళాశాలలో చదివి, దైవసేవకు సిద్ధపడుచుండెను. అయితే యౌవనమందే ప్రేమ విషయములో ఆశాభంగము కలిగి, ఆయన మనస్సు చెదరెను. కొంతకాలము ఆయనను బంధించి యుంచిరి. బోధకుడగు మార్గము మూయబడెను. తరువాత లండను చేరి, పిల్లలకు చదువు చెప్పియు, ముద్రణాలయములలో అచ్చుతప్పులు దిద్దియు బ్రదికెను. 1732లో పుస్తకముల అంగడి పెట్టెను.

ఆయన పదానుక్రమణిక 1737లో అచ్చయ్యెను. అంతకు ముందును అట్టి పుస్తకములు కొన్ని యున్నను, ఇంత సంపూర్ణమైనది ఇంగ్లీషులో లేదు. నవంబరు నెలలో దానిని కరొలైను రాణికి సమర్పించెను. ఆమె సహాయము చేయునని ఆశించెను గాని, ఆ నెల 20వ తేదీన రాణి మరణించెను. అంగడి మూతపడెను. మరుసటి సంవత్సరము ఆయనను పిచ్చివారిని ఉంచు ఇంటిలో గొలుసుతో మంచమునకు కట్టిరి. ఆయన ఆ మంచపు కోడును కోసి తప్పించుకొనెను.

ఆయనలోని వింత నడతను మనము దాచనక్కరలేదు. లోకమును దిద్దుట తన పని యని యెంచి, స్పాంజి చేతబట్టి తిరుగుచు గోడలమీది చెడ్డ వ్రాతలను తుడిచెను. జనులు నవ్విరి. అయితే 1762లో దొంగ దస్తావేజు నేరమునకు ఉరిశిక్ష పడిన ఒక నావికుని ఆయన చెరసాలలో దర్శించి, అతనితో ప్రార్థించి, అధికారులను పదే పదే బ్రతిమాలి, ఆ శిక్షను ద్వీపాంతర శిక్షగా మార్పించెను. చిన్న మాటనైనను విడువక వెదకిన మనుష్యుడు, లోకము విడిచిన వానిని విడువలేదు.

లెక్క యొక్క ఉపయోగమేమి? భయపడవద్దను ఆజ్ఞ సంవత్సర దినములకు సరిగా 365 మారులున్నదని తరచుగా వినుచుందుము. క్రూడెన్ వాడిన ఇంగ్లీషు బైబిలులో ఆ భావము గల ఆజ్ఞలను ఎంచిన, అందులో సగమైనను రావు. అందువలన మన ధైర్యము తగ్గనేల? దేవుడు ఒక్కమారు పలికినను చాలును. ఆయన మాటను ఘనపరచుటకు మనము లెక్కను పెంచనక్కరలేదు.

లెక్క సరియైనప్పుడును అది వాకిలి మాత్రమే. లోపలికి వెళ్లి చదువవలెను. ఎస్తేరు గ్రంథపు హెబ్రీ మూలములో దేవుడను పేరు ఒక్కమారైనను లేదు. అయినను ఆయన కాపుదల ప్రతి పుటలో కనబడును. క్రైస్తవుడను పేరు బైబిలంతటిలో మూడు చోట్లనే యున్నది. అపొస్తలుల కార్యములు 11:26లో అంతియొకయలో శిష్యులకు ఆ పేరు కలిగెను. 26:28లో అగ్రిప్ప రాజు దాని అంచువరకు వచ్చి నిలిచిపోయెను. 1 పేతురు 4:16లో దానిని ధరించినవారు శ్రమపడుచున్నారు. మూడు వచనములే గాని, మన హృదయమును పరీక్షించుటకు అవి చాలును. మనము అగ్రిప్పవలె అంచున నిలిచియున్నామా?

క్రూడెన్ తన గ్రంథమును మరల దిద్ది 1761లోను 1769లోను అచ్చువేయించెను. 1770 నవంబరు 1న ఇస్లింగ్టనులోని తన గదిలో, మోకాళ్లమీద ప్రార్థించుచున్నట్లే మృతుడై కనబడెను. ఆయన గ్రంథము నేటికిని అచ్చగుచున్నది.

మన సంఘములలోను మనస్సు నలిగినవారు, నలుగురు నవ్వువారు కలరు. వారు ఎందుకును పనికిరారని మనము తీర్పు తీర్చకుందము. ఈ నెల ప్రతి కుటుంబము ఒక్క మాటను ఎన్నుకొని, అది ఉన్న వచనములన్నిటిని కలిసి చదువుదము. వందలో ఒక్క గొఱ్ఱె తప్పినను వెదకిన కాపరి మనకు తోడైయుండును గాక.