కర్నల్ మాట్ విన్: ప్రేక్షకుల నడుమ నుంచి వచ్చిన పాలకుడు

ఒక సంస్థను నడిపేవారికీ, అందులో చెమటోడ్చి పనిచేసేవారికీ, దాని గుమ్మం ముందు డబ్బు చెల్లించి నిలిచేవారికీ మధ్య దూరం పెరిగితే ఆ సంస్థ ఎంత ఘనమైనదైనా క్రమంగా క్షీణిస్తుంది. చరిత్రలో ఇందుకు నిదర్శనాలు పెక్కు. ఆ దూరాన్ని ఒక వైపున తగ్గించి, మరొక వైపున చూడక విడిచిన ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని మా విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము. ఆయనే అమెరికాలో గుర్రపు పందేలకు దేశవ్యాప్తమైన ప్రఖ్యాతి తెచ్చిన కర్నల్ మాట్ విన్.

గుర్రపు పందెం అనగానే మన పాఠకులలో కొందరు నొసలు చిట్లించవచ్చు. అది న్యాయమే. జూదం ఇస్లాంలో నిషిద్ధం. ధర్మరాజు పాచికలాటలో రాజ్యాన్నీ, తమ్ములనూ, తుదకు ఆలినీ ఒడ్డి ఓడిన కథ తెలియని తెలుగువాడు ఉండడు. పందెం కాయుటను మేము ఏ మాత్రమూ సమర్థించడం లేదు. అయితే హైదరాబాదులో మలక్‌పేట మైదానం గోడ పక్కగా నడిచినవారికి ఒక సంగతి తెలుసు. గుర్రం పరుగెత్తేది రెండు నిమిషాలే గాని, దాని వెనుక వేకువనే లేచి దాణా పెట్టి, మాలీసు చేసే సాయిసుల శ్రమ ఏడాది పొడవునా ఉంటుంది. ఆ శ్రమను చూడగల కన్ను నిర్వాహకులకు ఉన్నదా లేదా అన్నదే మా ప్రశ్న.

విన్ 1861 జూన్ 30న కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో జన్మించాడు. తండ్రి కిరాణా వ్యాపారి. 1875 మే 17న ఆ నగరంలో మొట్టమొదటి కెంటకీ డర్బీ జరిగింది. పదమూడేళ్ళ విన్ ఆ పందేన్ని గ్యాలరీలో కూర్చుండి చూడలేదు. మైదానం నడిమి భాగంలో నిలిపిన తండ్రి సరుకుల బండి మీద నిలబడి చూచాడు. ఆనాడు గెలిచిన గుర్రం అరిస్టైడిస్. దానిపై స్వారీ చేసినవాడు ఆలివర్ లూయిస్ అనే నల్లజాతి జాకీ. దానికి శిక్షణ ఇచ్చిన ఆన్సెల్ విలియమ్సన్ ఒకప్పుడు బానిసగా బ్రతికినవాడు. ఆ పందెంలో పాల్గొన్న 15 మంది జాకీలలో 13 మంది నల్లవారే. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

ఆ మైదానాన్ని స్థాపించినవాడు మెరివెదర్ లూయిస్ క్లార్క్. ప్రసిద్ధ అన్వేషకుడు విలియం క్లార్క్ మనుమడు. ఇంగ్లండు వెళ్ళి అక్కడి పందేల తీరు పరిశీలించి, మేనమామలైన చర్చిల్ సోదరుల భూమిలో మైదానం వేయించాడు. నియమాల విషయంలో నిష్ఠాపరుడే గాని, స్వభావం దురుసైనది. 1886లో బుకీల లైసెన్సు తగాదా వచ్చి, పందెం కాయడానికి వీలు లేకపోయినప్పుడు కాలిఫోర్నియా ధనికుడు, ఆ ఏడు డర్బీ గెలిచిన గుర్రం యజమాని అయిన హాగిన్ అభ్యంతరం తెలిపాడు. మైదానం అధికారి ఒకడు ఆయనను తూలనాడినట్లు చెబుతారు. హాగిన్ తన గుర్రాలన్నిటినీ తోలుకొని వెళ్ళిపోయాడు. ఆ వార్త పొక్కి, తూర్పు రాష్ట్రాల యజమానులు చాలా ఏళ్ళు డర్బీ ముఖం చూడలేదు. నోటి నుంచి జారిన ఒక మాట ఎన్నో సంవత్సరాల నష్టం తెచ్చింది. 1895లో జంట శిఖరాలతో సుందరమైన గ్యాలరీ కట్టినా అప్పులు తీరలేదు. 1899లో క్లార్క్ ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ కాలమంతా విన్ సామాన్య జీవితమే గడిపాడు. వాణిజ్య విద్య కొంత నేర్చి, లెక్కలు వ్రాసి, కిరాణా సరుకుల టోకు వ్యాపారానికి ఊరూరా తిరిగే ప్రతినిధిగా పనిచేసి, తరువాత దర్జీ దుకాణంలో భాగస్వామి అయ్యాడు. ఏ ఏడాదీ డర్బీ చూడక మానలేదు. 1902లో మైదానం మూతపడే స్థితి వచ్చినప్పుడు మిత్రులు ఆయనను ఆశ్రయించారు. విన్ పరిచయస్తుల వద్ద పెట్టుబడి సేకరించి, 40,000 డాలర్లకు మైదానాన్ని కొనిపించాడు. మరుసటి సంవత్సరమే, 1903లో, ఆ మైదానం చరిత్రలో మొదటిసారిగా లాభం కనిపించింది. 1904లో దర్జీ వృత్తి విడిచి, జనరల్ మేనేజరు బాధ్యత స్వీకరించాడు.

ఆయన విజయరహస్యం ఒక్కటే. బండి మీద నిలబడి చూచిన బాలుని దృష్టిని ఆయన విడిచిపెట్టలేదు. 1908లో నగర పాలకులు బుకీలను నిషేధించినప్పుడు ఇక పందేలు ఆగిపోతాయని అందరూ అనుకున్నారు. క్లార్క్ కాలంలో తెప్పించి మూలపడవేసిన ఫ్రెంచి యంత్రాలను విన్ వెదికించి బాగుచేయించాడు. ఈ పద్ధతిలో కాసిన సొమ్మంతా ఒక రాశిగా చేరుతుంది. నిర్ణీతమైన భాగం సంస్థకు పోగా, మిగిలినది గెలిచినవారు తమ టికెట్ల ప్రకారం పంచుకుంటారు. బుకీ ఇష్టానుసారం నిష్పత్తి మార్చుటకు తావు లేదు. కనీసపు టికెట్టు 5 డాలర్లు ఉండగా, 1911లో దానిని 2 డాలర్లకు తగ్గించాడు. 1913లో ఎవరూ ఆశించని డోనరైల్ అనే గుర్రం గెలవగా, 2 డాలర్ల టికెట్టుకు 184 డాలర్ల 90 సెంట్లు ముట్టినవి. ఆ వార్త దేశమంతా ప్రాకింది. సామాన్యుడు ఆ మైదానంలో మోసపోడన్న నమ్మకం కుదిరింది. అయితే సామాన్యుని కూలి డబ్బు కూడా ఆ యంత్రంలో పడుటకు ఇదే దారి చేసినదన్న సంగతి మేము మరువరాదు.

అలిగి పోయిన తూర్పు రాష్ట్రాల యజమానులను సైతం విన్ స్వయంగా కలిసి, గౌరవించి రప్పించాడు. పత్రికా రచయితలతో స్నేహం పెంచుకున్నాడు. 1915లో విట్నీ అనే శ్రీమంతుని ఆడగుర్రం రిగ్రెట్ డర్బీ గెలిచింది. ఆడగుర్రం గెలుచుట అదే ప్రథమం. అప్పటి నుంచి కెంటకీ డర్బీ ఒక ఊరి పండుగగా కాక దేశం పండుగగా మారింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, ప్రయాణాలపై ఆంక్షలు రాగా పొరుగూళ్ళవారికి టికెట్లు అమ్మకుండా స్థానికుల కొరకే పందెం జరిపాడు. జనం ట్రాముబండ్లలో వచ్చారు. 1945లో ప్రభుత్వం పందేలను నిషేధించి, ఐరోపాలో యుద్ధం ముగియగానే ఆ నిషేధం ఎత్తివేసింది. ఆ ఏడు డర్బీ జూన్ 9న జరిగింది. ఏ సంవత్సరమూ డర్బీ ఆగలేదు. 1949 మేలో 75వ డర్బీని కూడా కళ్ళారా చూచి, అదే సంవత్సరం అక్టోబరు 6న ఆయన 88వ ఏట కన్నుమూశాడు. మొదటి 75 డర్బీలనూ చూచిన ఘనత ఆయనది.

ఇంతవరకే చెప్పి ముగిస్తే అది స్తోత్రమవుతుంది గాని జీవితచరిత్ర కాదు. మొదటి డర్బీలో 15 మందిలో 13 మంది నల్లజాతి జాకీలని పైన చెప్పినాము. మొదటి 28 డర్బీలలో 15 వారే గెలిచారు. ఐజక్ మర్ఫీ అనే మహా జాకీ మూడుసార్లు గెలిచాడు. జిమ్మీ వింక్‌ఫీల్డ్ 1901, 1902 సంవత్సరాలలో వరుసగా గెలిచాడు. విన్ మైదానం చేజిక్కించుకున్నది ఆ 1902లోనే. ఆ తరువాత నల్లజాతి జాకీ ఎవరూ డర్బీ గెలవలేదు. 1921 తరువాత 2000 వరకు ఆ పందెంలో నల్లజాతి అమెరికన్ జాకీ పాల్గొనుటయే లేదు. జాతి వివక్ష చట్టాలు, పరుగు నడుమ తెల్లజాతి జాకీలు జరిపిన దౌర్జన్యాలు, వారిని నియమించుకొనుటకు యజమానుల నిరాకరణ, ఇవన్నీ కారణాలే. ఈ దోషమంతా విన్ ఒక్కనిపై మోపుట అన్యాయం. కాని అది జరుగుతున్న కాలమంతా ఆ మైదానం పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నవి. టికెట్టు కొనేవాని కష్టం గ్రహించిన ఆ కన్ను, జీనుపై నుంచి త్రోయబడినవాని కష్టాన్ని గ్రహించినట్లు ఆయన పాలనలో ఆనవాలు అగుపించదు.

వింక్‌ఫీల్డ్ రష్యా వెళ్ళి అక్కడ కీర్తి గడించి, తరువాత ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. 1961లో ఒక విందుకు ఆహ్వానితుడై లూయీవిల్‌కు తిరిగి వచ్చాడు. రెండుసార్లు డర్బీ గెలిచిన ఆ వృద్ధుని హోటలు ముందు ద్వారంలోనే అడ్డగించారు. ఆహ్వానం ఉన్నదని నచ్చజెప్పిన పిమ్మటనే లోనికి పోనిచ్చారు. విన్ మరణించి అప్పటికి పన్నెండేళ్ళు. అయినా ఆయన కాలంలో మూసుకొన్న తలుపు అప్పటికీ పూర్తిగా తెరచుకోలేదు.

ఈ జీవితం నుంచి మేము గ్రహించినది ఇది. బండి మీద నిలిచి చూచినవాడే బండి మీదివారి బాధ ఎరుగుతాడు. కాని గుర్రపుశాలలో పనిచేయనివాడు గుర్రపుశాల బాధను తెలుసుకోవాలంటే, అక్కడికి నడిచి వెళ్ళి అడగాలి. మన అనుభవం చూపని చోటుకు పోయి చూచుటయే నాయకత్వం. రేపు కార్యాలయాలలో, కర్మాగారాలలో, పాఠశాలలలో అధికార స్థానాలు అలంకరించబోయే మా సోదర సోదరీమణులు ఫీజు కట్టేవారినీ, సరుకు కొనేవారినీ మాత్రమే కాక, గదులు ఊడ్చేవారినీ, ప్రయోగశాలలో సీసాలు కడిగేవారినీ కూడా పలుకరించి తెలుసుకుంటారని ఆశిస్తున్నాము. మా కళాశాల కమిటీ పెద్దలు సంవత్సరానికి ఒక్కమారైనా సమావేశ మందిరం దాటి, తరగతి గది చివరి బల్ల మీద కూర్చుండి చూస్తే మేము ధన్యులం.