సిరంజిని రోగి చేతికిచ్చిన డాక్టర్

ఇక ఇన్సులిన్ తప్పదని డాక్టర్ చెప్పగానే మనలో చాలామందికి మొదట కలిగేది భయమే. సూది మొదలైందంటే జబ్బు ముదిరిపోయిందనీ, ఒకసారి అలవాటైతే ఇక వదలదనీ, ఉన్నట్టుండి షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తుందనీ ఎవరెవరో చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి. మీకో, మీ ఇంట్లోవారికో అలాంటి పరిస్థితి వస్తే ఓసారి డాక్టర్ రాబర్ట్ డేనియల్ లారెన్స్ జీవితం గురించి తెలుసుకోండి. ఆయన మధుమేహ వైద్యుడు. మధుమేహ రోగి కూడా. ఇక బతకననుకున్న మనిషి, ఇన్సులిన్ మొదలుపెట్టాక మరో 45 ఏళ్లు జీవించారు. సూది మందు ఒక్కటే ఆయన్ని అంతకాలం నిలబెట్టలేదు. దాన్ని ఎలా వాడాలో శ్రద్ధగా నేర్చుకోవటం నిలబెట్టింది.

కంటికి దెబ్బ.. బయటపడిన షుగర్

లారెన్స్ 1892లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో పుట్టారు. ముందు సాహిత్యం చదివి, కొన్నాళ్లు బంధువుల బట్టల వ్యాపారంలో పనిచేసి, అది నచ్చక వైద్య విద్యలో చేరారు. చదువులో పతకాలు అందుకున్నారు. 1916లో డాక్టరయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక వైద్యుడిగా మన దేశ సరిహద్దు ప్రాంతంలోనూ పనిచేశారు. అక్కడ జిగట విరేచనాల బారినపడి 1919లో తిరిగి వెళ్లాల్సి వచ్చింది.

తర్వాత లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో సర్జన్‌గా చేరారు. చెవి వెనక ఎముకకు చేసే ఆపరేషన్‌ను మృతదేహం మీద సాధన చేస్తుండగా ఓ ఎముక ముక్క ఎగిరి కంట్లో పడింది. కన్ను తీవ్రంగా చీముపట్టింది. పుండు ఎంతకీ తగ్గకపోవటంతో పరీక్షలు చేస్తే మధుమేహం ఉందని తేలింది. అప్పటికి ఆయనకు 30 ఏళ్లైనా నిండలేదు. ఆ కంటి చూపు శాశ్వతంగా దెబ్బతింది. సర్జన్ కావాలన్న కల అక్కడితో ఆగిపోయింది.

1920లో ఆ వయసువారికి ఇలాంటి మధుమేహం వచ్చిందంటే మరణశిక్షతో సమానం. దానికి మందు లేదు. కడుపు మాడ్చి, పిండిపదార్థాలు దాదాపుగా మాన్పించి, ఆయుష్షును కొన్ని నెలలో, కొన్నేళ్లో పొడిగించటమే వైద్యం. డాక్టర్ కాబట్టి తన గతేమిటో లారెన్స్‌కు బాగా తెలుసు. అయినవాళ్ల కళ్ల ముందు కుంగిపోవటం ఇష్టంలేక ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు వెళ్లి, చిన్న ప్రాక్టీసు పెట్టుకుని రోజులు లెక్కపెట్టసాగారు.

పిలుపు వచ్చింది

ఇంతలో కెనడాలోని టొరంటోలో చరిత్ర మారింది. బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో 14 ఏళ్ల లెనర్డ్ థాంప్సన్‌కు దాన్ని మొదటిసారిగా ఎక్కించారు. తొలి సూది మందు శుద్ధంగా లేక పనిచేయలేదు. కాలిప్ దాన్ని శుద్ధి చేశాక, కొద్ది రోజులకే ఇచ్చిన మందుతో ఆ పిల్లాడి షుగర్ దిగివచ్చింది.

1922-23 చలికాలంలో లారెన్స్‌కు ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చి షుగర్ అదుపు తప్పింది. కాళ్లలో నరాలు దెబ్బతిన్నాయి. ఇక ఎక్కువ కాలం లేదనుకుంటున్న సమయంలో లండన్ నుంచి పాత సహోద్యోగి డాక్టర్ హారిసన్ కబురు పంపారు. ఇన్సులిన్ వచ్చిందనీ, అది పనిచేస్తోందనీ, వెంటనే బయల్దేరమనీ దాని సారాంశం. ఆ నీరసంతోనే లారెన్స్ ఐరోపా ఖండం దాటి 1923 మే 28న కింగ్స్ ఆసుపత్రికి చేరారు. మే 31న తొలి సూది వేశారు.

ఒక్క విషయం గమనించండి. ఆయన శరీరంలో ఇన్సులిన్ లేదు. దాన్ని బయటి నుంచి ఇచ్చారు. అంతే. మీకు ఇచ్చేదీ అదే. టైప్-1 మధుమేహంలో ఇన్సులిన్ ఊపిరిలాంటిది, ఆపటానికి వీల్లేదు. టైప్-2లో ఏళ్లు గడిచేకొద్దీ క్లోమగ్రంథి అలసిపోయి మాత్రలు చాలకపోవచ్చు. అప్పుడు ఇన్సులిన్ అవసరమైతే అది మీ ఓటమి కాదు. ఇన్‌ఫెక్షన్లు, ఆపరేషన్లు, గర్భధారణ వంటి సందర్భాల్లో కొంతకాలమే వాడి మళ్లీ ఆపేసే అవకాశమూ ఉంటుంది.

కొత్త ప్రాణం.. కొత్త ప్రమాదం

ఇన్సులిన్ వచ్చాక డాక్టర్లకు అంతకుముందు అంతగా తెలియని సమస్య ఎదురైంది. అదే హైపో, అంటే రక్తంలో గ్లూకోజు మరీ పడిపోవటం. ఆ రోజుల్లో ఇంట్లో గ్లూకోమీటర్లు లేవు. మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంతో వేడిచేసి, నీలం రంగు ఆకుపచ్చగానో, ఇటుక ఎరుపుగానో మారటాన్ని బట్టి షుగర్‌ను అంచనా వేసేవారు. షుగర్ ఎక్కువైతే ఆ రంగు చెప్పేది. పడిపోతే చెప్పలేకపోయేది. అందుకే రోగి తన ఒంట్లోని సూచనలను తానే పసిగట్టాల్సి వచ్చేది.

ఈ రోజు మీ చేతిలో గ్లూకోమీటర్ ఉంది. అయినా ఆ సూచనలు తెలియాల్సిందే. ఉన్నట్టుండి చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, చిరాకు, చూపు మసకబారటం, మాట తడబడటం హైపో లక్షణాలు. నిద్రలో వస్తే పీడకలలు, తడిసిన పక్కబట్టలు, పొద్దున్నే తలనొప్పి కనిపించవచ్చు. షుగర్ 70 మి.గ్రా. కన్నా తగ్గితే వెంటనే మూడు, నాలుగు టీస్పూన్ల పంచదార లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగండి. లడ్డూ, చాక్లెట్ వద్దు. వాటిలోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలోకి వెళ్లనివ్వదు. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించండి. ఇంకా తక్కువుంటే మరోసారి అంతే తీసుకోండి. కుదుటపడ్డాక కాస్త అన్నమో, రెండు ఇడ్లీలో తినండి.

మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఇంట్లో గ్లూకగాన్ ఉండి, దాన్ని వాడటం తెలిస్తే ఇవ్వాలి. ఈ సంగతి మీకు తెలిస్తే చాలదు. మీ ఇంట్లోవారికీ, పక్క సీట్లో పనిచేసేవారికీ తెలియాలి.

పళ్లెంలో లెక్క

కోలుకున్న లారెన్స్ అదే ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరి, అక్కడి మధుమేహ విభాగాన్ని పెంచి పెద్దచేశారు. అక్కడ ఆయన గట్టిగా పట్టుకున్న విషయం ఒక్కటే. రోగి రోజంతా డాక్టర్ పక్కన ఉండడు, కాబట్టి రోగికే అన్నీ నేర్పాలి. 1925లో ‘ది డయాబెటిక్ లైఫ్’ అనే పుస్తకాన్ని డాక్టర్లతో పాటు రోగులకూ అర్థమయ్యేలా రాశారు. అది ఎన్నోసార్లు మళ్లీ మళ్లీ అచ్చయింది.

ఆహారానికి ఆయన తేలికైన లెక్క ఇచ్చారు. పదార్థాలను భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో 10 గ్రాముల పిండిపదార్థం ఉండేలా పట్టిక వేశారు. పూటకు ఎన్ని భాగాలో తెలిస్తే చాలు, ఏం తినాలో రోగే ఎంచుకోవచ్చు. ఇప్పుడు డైటీషియన్లు చెప్పే పిండిపదార్థాల లెక్కకు ఇది తాతలాంటిది.

ఇన్సులిన్‌కూ పళ్లేనికీ పొత్తు కుదరాలన్నదే ఇందులోని అసలు సంగతి. పాతతరం రెగ్యులర్ ఇన్సులిన్‌ను, అది కలిసిన హ్యూమన్ మిక్స్‌డ్ ఇన్సులిన్‌ను భోజనానికి అరగంట ముందు తీసుకోవాలి. త్వరగా పనిచేసే అనలాగ్ రకాలను తినేముందే తీసుకుంటే చాలు. మీది ఏ రకమో డాక్టర్‌ను అడిగి చీటీ మీద రాయించుకోండి. సూది వేసుకుని, ఫోన్ రాగానే బయటికి వెళ్లిపోయి భోజనం మరచిపోవటం హైపోకు దగ్గరి దారి. ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు ఉండాలనుకుంటే మోతాదు ఎలా మార్చాలో ముందుగానే డాక్టర్‌తో మాట్లాడండి.

నడకతో రెట్టింపయ్యే బలం

శ్రమ చేసినప్పుడు ఇన్సులిన్ మరింత బలంగా పనిచేస్తుందని లారెన్స్ 1926లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పొలం పని ఉన్న రోజు, పెళ్లింట్లో తిరిగిన రోజు, కొండెక్కి దర్శనానికి వెళ్లిన రోజు షుగర్ అనుకోకుండా పడిపోవటానికి కారణం ఇదే. ఆ ప్రభావం కొన్ని గంటలపాటు, ఒక్కోసారి రాత్రి వరకూ ఉంటుంది. తొడకు సూది వేసుకుని వెంటనే వేగంగా నడిస్తే మందు ఇంకా త్వరగా రక్తంలో కలుస్తుంది. వ్యాయామం మానమని దీనర్థం కాదు. ముందు, తర్వాత షుగర్ చూసుకోండి. జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోండి. బండి తీసేముందు కూడా ఇదే జాగ్రత్త.

సిరంజి మీది గీతలు

లారెన్స్ కాలంలో గాజు సిరంజిలను మరిగించి వాడేవారు. మొద్దుబారిన సూదిని సానపట్టుకునేవారు. అంతకన్నా పెద్ద చిక్కు గీతలతో వచ్చేది. బ్రిటన్‌లో ఒక మిల్లీలీటరుకు 20, 40, 80 యూనిట్ల బలాలతో ఇన్సులిన్ దొరికేది. సిరంజి మీద మాత్రం మిల్లీలీటరుకు 20 గీతలే. అందువల్ల ఒక గీత అంటే సీసాను బట్టి ఒకటో, రెండో, నాలుగో యూనిట్లు. ఆ గందరగోళం అక్కడ 1980లలో, అందరికీ 100 యూనిట్ల బలం వచ్చాకే తీరింది.

మన దగ్గర ఆ చిక్కు ఇంకా ఉంది. ఇక్కడ సీసాల్లో దొరికేది ఎక్కువగా 40 యూనిట్ల బలం. పెన్నుల్లో, కొన్ని సీసాల్లో వచ్చేది 100 యూనిట్ల బలం. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల సీసాకు నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 10 గీతల వరకు తీస్తే ఒంట్లోకి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు! తారుమారైతే 10కి బదులు 4 యూనిట్లే వెళ్తాయి. మందుల షాపులో సిరంజి కొన్న ప్రతిసారీ సీసా మీది అంకెతో సరిచూడండి. పెన్నులోని మందును సిరంజితో లాగే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి.

నలుగురితో కలిసి

లారెన్స్ దగ్గరికి వచ్చిన రోగుల్లో ప్రసిద్ధ రచయిత హెచ్.జి. వెల్స్ ఒకరు. ఆయనతో కలిసి 1934లో మధుమేహ రోగుల కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. అదే నేటి ‘డయాబెటిస్ యూకే’. డబ్బులేనివారికీ ఇన్సులిన్ అందాలనీ, షుగర్ ఉందన్న కారణంగా ఉద్యోగాలు పోకూడదనీ, రోగులు ఒకరి అనుభవం మరొకరికి చెప్పుకోవాలనీ దాని ఉద్దేశం. 1950లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే. ఏటా నవంబరు 14న మనం జరుపుకొనే ప్రపంచ మధుమేహ దినోత్సవం వెనక ఉన్నది ఆ సమాఖ్యే. పెళ్లి, ముగ్గురు కొడుకులు, నిండైన వృత్తి జీవితం.. ఫ్లోరెన్స్‌లో రోజులు లెక్కపెట్టుకున్న మనిషి ఇవన్నీ చూశారు. 1968 ఆగస్టు 27న, 75 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయనకు గ్లూకోమీటర్ లేదు, పెన్ను లేదు, 4 మిల్లీమీటర్ల సన్నని సూది లేదు. అవన్నీ మీకున్నాయి. ఇక కావాల్సింది నేర్చుకోవటమే. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీ సిరంజి, సీసా లేదా పెన్ను వెంట తీసుకెళ్లి, మీరు ఎలా వేసుకుంటున్నారో చేసి చూపించండి. ఏళ్లుగా సాగుతున్న చిన్న తప్పు ఒక్కోసారి అక్కడే బయటపడుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2-8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు.

* తెరిచాక చల్లని చోట పెట్టుకుని, ఎక్కువ రకాలను సుమారు నాలుగు వారాల్లో వాడేయాలి. తెరిచిన తేదీ సీసా మీద రాయండి. ఫ్రిజ్ లేకపోతే ఎండాకాలంలో తడి మట్టికుండలో, నీళ్లు తగలకుండా ఉంచండి. కారులో, బండి డిక్కీలో వదలొద్దు.

* తెల్లగా మబ్బుగా ఉండే రకాన్ని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపండి. గట్టిగా కుదపొద్దు. స్వచ్ఛంగా ఉండాల్సిన మందు మబ్బుగా మారితే పారేయండి.

* బొడ్డుకు రెండు వేళ్ల దూరం వదిలి పొట్ట మీద, తొడల బయటి వైపున, పిరుదుల మీద మార్చి మార్చి వేసుకోండి. ఒకేచోట వేస్తే గడ్డలు కడతాయి, మందు సరిగా ఒంటపట్టదు. గడ్డలున్న చోటు వదిలి కొత్తచోట మొదలుపెడితే షుగర్ పడిపోవచ్చు. ముందు డాక్టర్‌కు చెప్పండి.

* పెన్నుతో వేసుకునేవారు ముందు రెండు యూనిట్లు బయటికి వదిలి చూడండి. మందు నొక్కాక పదంకెలు లెక్కపెట్టి సూది తీయండి.

* ప్రతిసారీ కొత్త సూది మేలు. మీ పెన్ను, సిరంజి, సూది ఇంకొకరికి ఇవ్వకూడదు.

* జ్వరం, వాంతులు వచ్చాయని, తినలేదని సొంతంగా ఇన్సులిన్ ఆపేయొద్దు. ముఖ్యంగా టైప్-1 వారికి ఇది ప్రాణాంతకం. షుగర్ తరచూ చూసుకుంటూ వెంటనే డాక్టర్‌ను సంప్రదించండి.

* వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతపెట్టి, చెత్త ఎత్తేవారి చేతికి గుచ్చుకోకుండా అప్పగించండి.